దేహాగ్ని

ఆకలిని మంటగా భావించడం తెలుగు భాషకు సహజం. ఆకలి వేస్తే కడుపు కాలుతోందంటాం. తిన్నది అరిగించుకొనే శక్తి సన్నగిల్లితే అగ్నిమాంద్యం అంటాం. ఇవి కేవలం అలంకారాలు కావు. ప్రాణమున్న దేహంలో ఒక అగ్ని నిరంతరం వెలుగుతూ ఉంటుందనీ, తిన్న అన్నమే దానికి ఇంధనమనీ పూర్వులు విశ్వసించారు. భగవద్గీత పదిహేనవ అధ్యాయం ఆ అగ్నిని వైశ్వానరమని పేర్కొంది. ప్రాణుల దేహాలను ఆశ్రయించి, నాలుగు విధాలైన అన్నాన్ని పచనం చేసేది అదే.

ఆయుర్వేదం ఈ అగ్నికి నాలుగు స్థితులను చెప్పింది. హెచ్చుతగ్గులు లేకుండా వెలిగేది సమాగ్ని. ఒకనాడు ఎక్కువగా, ఒకనాడు తక్కువగా ఉండేది విషమాగ్ని. అతిగా ప్రజ్వరిల్లేది తీక్ష్ణాగ్ని. సరిగా రగలనిది మందాగ్ని. వీటిలో ఆరోగ్యానికి మూలమైనది సమాగ్ని మాత్రమే. మందాగ్నితోపాటు తీక్ష్ణాగ్నిని కూడా ప్రాచీన వైద్యులు దోషంగానే పరిగణించడం గమనింపదగిన విషయం. అగ్నిని ఎగదోయడం వారి లక్ష్యం కాదు. దాన్ని సమంగా నిలపడం వారి లక్ష్యం.

నేటి ప్రకటనల ధోరణి ఇందుకు భిన్నంగా ఉంది. టెలివిజన్‌లోను, చేతిలోని ఫోన్లోను మెటబాలిజం పెంచుకోండి, కెలరీలు కరిగించుకోండి అనే పిలుపులు నిత్యం వినిపిస్తున్నాయి. ఒక పొడి, ఒక టీ, ఒక మాత్ర చాలు, పది రోజుల్లో దేహం సన్నబడుతుందని అవి నమ్మబలుకుతాయి. వాటిని నమ్మి భోజనం మానేస్తున్నవారిలో పదహారు, పదిహేడేళ్ల యువతీయువకులు కూడా ఉన్నారు. దేహాగ్ని నిజంగా ఎలా వెలుగుతుంది, ఏ అలవాట్లు దాన్ని నిలుపుతాయి, ఏవి ఆర్పుతాయి అనే విషయాలు విద్యార్థులకు తెలియవలసిన అవసరం అందువల్లనే ఏర్పడింది.

భావన నుండి నిరూపణకు

దేహంలో అగ్ని ఉందన్న భావనను ప్రయోగంతో పరీక్షించినవాడు ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రవేత్త లవోయిజర్. 1782–83 శీతకాలంలో ఆయన లాప్లాస్ అనే గణిత శాస్త్రవేత్తతో కలిసి, మంచుతో చుట్టిన ఒక పాత్రలో గినీ పందిని ఉంచాడు. ఆ చిన్న ప్రాణి దేహం నుండి వెలువడిన వేడికి ఎంత మంచు కరిగిందో, అది విడిచిన గాలిలో ఎంత బొగ్గుపులుసు వాయువు ఉందో కొలిచాడు. బొగ్గు మండినప్పుడు వచ్చే వేడితో ఆ లెక్కను పోల్చి, శ్వాసించడమంటే నెమ్మదిగా మండడమేనని నిర్ధారించాడు. తరువాత సెగాఁ అనే సహచరునితో కలిసి మనుషులపై చేసిన ప్రయోగాల్లో మరొక సత్యం తేలింది. భోజనం చేసినప్పుడు, పని చేసినప్పుడు, చలి వేసినప్పుడు మనిషి తీసుకొనే ప్రాణవాయువు పరిమాణం పెరుగుతుంది. ఫ్రెంచి విప్లవకాలంలో, 1794లో లవోయిజర్ మరణశిక్షకు గురయ్యాడు. ఆయన వేసిన పునాది మాత్రం నిలిచింది.

అయితే పొయ్యిలో కట్టె మండినట్లు దేహంలో అన్నం మండదు. అలా మండితే కణాలు మిగలవు. ఆహారంలోని శక్తిని కణం కొద్దికొద్దిగా విడుదల చేసి, చిల్లర నాణేల వంటి రూపంలోకి మార్చుకొని, అవసరమైనప్పుడు ఖర్చు చేస్తుంది. ఆ నాణెం పేరు ఎడినోసిన్ ట్రైఫాస్ఫేట్, క్లుప్తంగా ఏటీపీ. దీన్ని కనుగొన్నవారిలో ఒక తెలుగువాడు ఉన్నాడు. 1895లో భీమవరంలో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో సైరస్ ఫిస్క్‌తో కలిసి పరిశోధన చేశాడు. కండరంలో శక్తిని నిలవచేసే ఫాస్ఫోక్రియాటిన్‌ను వారు 1927లో వెల్లడించారు. 1929లో ఏటీపీని వెల్లడించారు. అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని స్వతంత్రంగా కనుగొన్నాడు. మనిషి అడుగు తీసి అడుగు వేసినా, కనురెప్ప వాల్చినా ఖర్చయ్యేది ఈ నాణెమే.

ఆహారాన్ని శక్తిగా మార్చడం, ఆ శక్తితో దేహాన్ని నిర్మించడం, నడపడం అనే రసాయన చర్యలన్నింటినీ కలిపి జీవక్రియ అంటారు. ఆంగ్లంలోని మెటబాలిజం అనే మాటకు అర్థం ఇదే. శక్తిని కొలిచే మానం కిలోకెలరీ. ఒక లీటరు నీటిని ఒక సెంటీగ్రేడు డిగ్రీ మేర వేడిచేయడానికి కావలసిన శక్తి ఒక కిలోకెలరీ. వాడుకలో కెలరీ అని చెప్పేది సాధారణంగా దీన్నే.

శక్తి జమాఖర్చులు

ఇంటి ఖర్చుల్లాగే దేహపు ఖర్చులు కూడా కొన్ని పద్దుల కింద విభజింపబడతాయి. మొదటిది అన్నింటికంటె పెద్దది. మనిషి ఏ పనీ చేయకుండా పడుకొని ఉన్నా గుండె కొట్టుకోవాలి, ఊపిరి ఆడాలి, మెదడు పనిచేయాలి, ఒంటి వేడి నిలవాలి. ఇందుకయ్యే వ్యయాన్ని ఆధార జీవక్రియ అంటారు. ఎక్కువగా కూర్చొని పనిచేసేవారిలో రోజు మొత్తం వ్యయంలో ఇది సుమారు 60 నుండి 70 శాతం వరకు ఉంటుంది. స్థూలంగా, కిలో బరువుకు గంటకు ఒక కిలోకెలరీ చొప్పున లెక్క వేసుకోవచ్చు. 50 కిలోల బరువున్న విద్యార్థికి ఈ పద్దు కింద రోజుకు దాదాపు 1200 కిలోకెలరీలు ఖర్చవుతాయి. దేహపు బరువులో రెండు శాతం మాత్రమే ఉండే మెదడు ఇందులో అయిదో వంతు వాడుకొంటుంది.

రెండవ పద్దు తిన్నది అరిగించుకోవడానికయ్యే ఖర్చు. ఇది మొత్తంలో సుమారు పది శాతం. మూడవది కదలికల ఖర్చు. ఇందులో ఆటలు, వ్యాయామం ఒక భాగం. నడవడం, నిలబడడం, మెట్లెక్కడం, బట్టలు ఉతకడం, ఇల్లు ఊడవడం వంటి దైనందిన చలనాలన్నీ మరొక భాగం. మొదటి రెండు పద్దులు చాలావరకు మనిషి చేతిలో లేనివి. అతడు స్వయంగా పెంచుకోగలిగినది ముఖ్యంగా మూడవదే. జీవక్రియను గురించిన చర్చ అంతా ఈ ఒక్క విషయాన్ని గుర్తిస్తే తేలికవుతుంది.

కొన్ని అపోహలు

లావుగా ఉన్నవారి జీవక్రియ మందంగా ఉంటుందనేది బహుళ ప్రచారంలో ఉన్న అపోహ. నిజానికి పెద్ద దేహానికి ఎక్కువ పోషణ కావాలి కనుక, విశ్రాంతిలో సైతం అది ఎక్కువ శక్తినే వ్యయం చేస్తుంది. అవటు గ్రంథి స్రావం తగ్గినవారిలో జీవక్రియ మందగించే మాట వాస్తవం. కాని అది వైద్యుడు రక్తపరీక్షతో నిర్ధారించి చికిత్స చేయవలసిన వ్యాధి.

ముప్పై ఏళ్లు దాటగానే జీవక్రియ పడిపోతుందనేది మరొక అపోహ. 29 దేశాలకు చెందిన 6,400 మందికి పైగా మనుషుల కొలతలతో 2021లో ఒక విస్తృత పరిశోధన వెలువడింది. దేహ పరిమాణాన్ని లెక్కలోకి తీసుకొని చూస్తే, ఇరవై ఏళ్ల నుండి అరవై ఏళ్ల వరకు జీవక్రియ ఇంచుమించు నిలకడగా ఉంటుందని అది తెలిపింది. నడివయసులో నడుము చుట్టూ పేరుకొనే కొవ్వుకు కారణం చల్లారిన అగ్ని కాదు. తగ్గిన కదలికను, పెరిగిన తిండిని అందుకు తప్పుపట్టాలి.

చల్లని నీరు తాగితే కెలరీలు కరుగుతాయనే మాటను విద్యార్థులు స్వయంగా లెక్క కట్టి చూడవచ్చు. పది డిగ్రీల చల్లదనం గల 250 మిల్లీలీటర్ల నీటిని దేహం 37 డిగ్రీలకు తేవాలంటే కావలసినది ఏడు కిలోకెలరీలకు మించదు. నీరు తాగడం మంచి అలవాటే, కాని దాని మేలు వేరొక చోట ఉంది. 300 మిల్లీలీటర్ల శీతల పానీయంలో సుమారు 30 గ్రాముల చక్కెర, అంటే 120 కిలోకెలరీల శక్తి ఉంటుంది. ఆ పానీయానికి బదులు మంచినీరు తాగినవాడు అంత భారాన్ని తప్పించుకొంటాడు. మిరపకారం, గ్రీన్ టీ వంటివి జీవక్రియను పెంచే మాట నిజమే అయినా ఆ పెరుగుదల స్వల్పం. కారం తిన్నప్పుడు పట్టే చెమట ఒంట్లోని నీరే. కొవ్వు చెమటగా కారిపోదు.

అగ్నిని బలవంతంగా ఎగదోస్తే ఏమవుతుందో చరిత్ర ఒకసారి చూసింది. డైనైట్రోఫినాల్ అనే రసాయనం జీవక్రియను విపరీతంగా పెంచుతుందని 1933లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వెల్లడించారు. అది కణాల్లో ఏటీపీ తయారు కాకుండా అడ్డుపడి, ఆహారశక్తిని వట్టి వేడిగా వృథా చేస్తుంది. సన్నబడాలన్న కోరికతో వేలాది మంది దాన్ని మింగారు. బరువు తగ్గిన మాట వాస్తవమే. కాని కొందరికి కళ్లలో శుక్లాలు ఏర్పడ్డాయి. కొందరు ఒంటి వేడి అదుపు తప్పి ప్రాణాలు కోల్పోయారు. 1938లో అమెరికా ఆ మందును నిషేధించింది. అయినా దొంగచాటు అమ్మకాలు ఆగక, దాన్ని తిని మరణించినవారు ఈ శతాబ్దంలో సైతం ఉన్నారు. తీక్ష్ణాగ్ని ఆరోగ్యం కాదని ప్రాచీనులు చెప్పిన మాటకు ఇంతకంటె కఠినమైన నిదర్శనం వేరొకటి అక్కరలేదు.

పస్తులతో అగ్ని నిలవదు

లంఖణం పరమౌషధమని సామెత. జ్వరపడి, ఆకలి చచ్చిన రోగికి ఒకటి రెండు పూటల పథ్యంగా చెప్పిన ఆ మాటను, ఎదిగే వయసులోని పిల్లలు నెలల తరబడి పాటించడం విపరీతార్థమే. ఉదయం ఫలహారం మాని, మధ్యాహ్నం రెండు ముద్దలతో సరిపెట్టుకొని సన్నబడాలని చూసే వారిలో దేహం ఏం చేస్తుందో ఒక ప్రసిద్ధ ప్రయోగం తెలిపింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1944–45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఏన్సెల్ కీస్ నాయకత్వంలో 36 మంది యువకులు స్వచ్ఛందంగా ఆరు నెలల పాటు అర్ధాకలితో గడిపారు. వారి బరువు దాదాపు నాలుగో వంతు తగ్గింది. ఆధార జీవక్రియ అంతకు మించి, సుమారు 40 శాతం పడిపోయింది. ఎండాకాలంలో సైతం వారికి చలి వేసింది. నడవడానికి, నవ్వడానికి ఓపిక లేకపోయింది. చదువు మీద, స్నేహితుల మీద ఆసక్తి పోయి, పగలూ రాత్రీ తిండి ధ్యాసే మిగిలింది.

రాబడి తగ్గిన ఇల్లాలు పొదుపు చేసినట్లే, ఆహారం తగ్గిన దేహం కూడా ఖర్చు తగ్గించుకొంటుంది. కొవ్వుతోపాటు కండరాన్ని కూడా కరిగించుకొంటుంది. తిరిగి మామూలుగా తినడం మొదలుపెట్టగానే పోయిన కొవ్వు త్వరగా చేరుతుంది. పస్తుతో అగ్నిని పెంచాలనుకోవడం కట్టెలు లాగివేసి పొయ్యి మండాలని కోరుకోవడమే.

మన దేశంలో ఈ విషయం మరింత ఆందోళన కలిగించేది. 2019–21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 19 ఏళ్ల బాలికల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆ వయసు బాలిక అద్దంలో కనిపించే రూపం కోసం అన్నం మానివేస్తే, కోల్పోయేది కెలరీలను మాత్రమే కాదు. ఇనుము, కాల్షియం, మాంసకృత్తులు కూడా కోల్పోతుంది. గట్టిపడవలసిన ఎముక, పెరగవలసిన రక్తం, నిలవవలసిన ఏకాగ్రత ఒక్కసారిగా నష్టపోతాయి.

కదలికే ఇంధనానికి గాలి

కూర్చొని తింటే కొండలైనా కరుగుతాయని సామెత. సంపద విషయంలో అది నిజమే కాని, దేహం విషయంలో తారుమారవుతుంది. కూర్చొని తింటే కొండలు పెరుగుతాయి. కదలికకు గల ప్రాధాన్యాన్ని 1999లో వెలువడిన ఒక పరిశోధన చక్కగా నిరూపించింది. పదహారు మందికి ఎనిమిది వారాల పాటు రోజుకు వేయి కిలోకెలరీల ఆహారం అదనంగా పెట్టారు. అందరూ ఒకే మోతాదులో అదనంగా తిన్నా, ఒకరిలో పెరిగిన కొవ్వు అర కిలో కంటె తక్కువ. మరొకరిలో నాలుగు కిలోలకు పైన. ఈ భేదానికి ముఖ్య కారణం వ్యాయామం కాదు. తెలియకుండానే లేవడం, తిరగడం, అటూ ఇటూ కదలడం వంటి చిన్న చలనాలు ఎవరిలో ఎక్కువగా పెరిగాయో వారిలో కొవ్వు తక్కువగా చేరింది.

వెనుకటి తరాల్లో ఈ చలనం జీవితంలో కలిసి ఉండేది. వడ్లు దంచడానికి రోకలి, పిండి విసరడానికి తిరగలి, పచ్చడికి రోలు, నీటికి చేదబావి ఉండేవి. బడికి కాలినడకన వెళ్లేవారు. అవి మళ్లీ రావాలని కోరుకోనక్కరలేదు. ఆ చాకిరి భారమంతా స్త్రీల నడుముల మీదనే పడింది కనుక, మిక్సీలు, కుళాయిలు వచ్చి మేలే చేశాయి. అయితే యంత్రాలు ఆదాచేసిన కదలికను మరొక రూపంలో తిరిగి సంపాదించుకోవలసిన బాధ్యత ఇంటిలోని వారందరిదీ.

ఇక్కడ కూడా అతిశయోక్తి తగదు. 50 కిలోల మనిషి ఒక గంట చురుకుగా నడిస్తే, కూర్చొని ఉన్నప్పటి కంటె అదనంగా ఖర్చయ్యేది సుమారు 110 కిలోకెలరీలు. ఒక పెద్ద చెంచాడు నూనెలోనే అంతకు కాస్త ఎక్కువ శక్తి ఉంటుంది. కనుక నడిచాం కదా అని నూనె వంటకాలు యథేచ్ఛగా తింటే లెక్క సరిపోదు. కండరం పెంచితే కూర్చున్నా కెలరీలు కరిగిపోతాయనే మాట కూడా పూర్తిగా నిజం కాదు. విశ్రాంతిలో కిలో కండరం రోజుకు వాడుకొనేది సుమారు 13 కిలోకెలరీలే. మరి వ్యాయామం ఎందుకు? పనిచేసే కండరం విశ్రాంతిలో కంటె ఎన్నో రెట్లు శక్తిని వాడుకొంటుంది. భోజనం తరువాత రక్తంలో చేరిన చక్కెరను పీల్చుకొంటుంది. గుండెను, ఎముకను దృఢపరుస్తుంది. ఈ మేలు బరువు తూచే యంత్రం మీద కనిపించదు.

అయిదు నుండి పదిహేడేళ్ల వయసువారు రోజుకు సగటున 60 నిమిషాలు చురుకుగా కదలాలని, వారంలో మూడు రోజులైనా కండరాలకు, ఎముకలకు బలమిచ్చే పని చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. తెల్లవారుజామున బల్ల ముందు కూర్చొని రాత్రి పది గంటలకు లేచే వసతి కళాశాల విద్యార్థికి ఇది అసాధ్యంగా తోచవచ్చు. కాని ఆ గంట ఒకేసారి దొరకనక్కరలేదు. ప్రతి పాఠం తరువాత లేచి నాలుగడుగులు వేయడం, వల్లెవేయవలసినవి మేడ మీద తిరుగుతూ వల్లెవేయడం, లిఫ్టు వదిలి మెట్లెక్కడం, తన గది తానే ఊడ్చుకోవడం, తన బట్టలు తానే ఉతుక్కోవడం ఎవరికైనా సాధ్యమే. సాయంకాలం అరగంట కబడ్డీ, ఖోఖో, తాడాట ఆడితే మిగిలినది పూర్తవుతుంది. ఆటస్థలం లేని కళాశాలలో ఆ అరగంటను కోరడం విద్యార్థి హక్కు, సమకూర్చడం యాజమాన్యం విధి.

విస్తరి, నిద్ర

అరిగించుకొనే ఖర్చు అన్ని ఆహారాలకూ ఒకటి కాదు. కొవ్వు పదార్థాల శక్తిలో మూడు శాతం లోపు, పిండిపదార్థాల శక్తిలో అయిదు నుండి పది శాతం, మాంసకృత్తుల శక్తిలో 20 నుండి 30 శాతం అరుగుదలకే పోతాయి. మాంసకృత్తులు కండరాన్ని కాపాడతాయి, త్వరగా ఆకలి వేయనీయవు. తెలుగువారి విస్తరిలో అన్నం కొండంత, పప్పు గోరంత ఉండడం సర్వసాధారణం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన మార్గదర్శకాలు ఈ నిష్పత్తిని సవరించమన్నాయి. రోజువారీ శక్తిలో ధాన్యాల వాటా 45 శాతానికి పరిమితం కావాలని, విస్తరిలో సగం కూరగాయలు, ఆకుకూరలు, దుంపలు, పండ్లు ఉండాలని సూచించాయి. ఉదయం పెసరట్టు, ఇడ్లీ సాంబారు, మధ్యాహ్నం గరిటెడు అన్నం తగ్గించి గరిటెడు పప్పు, ఆకుకూర, పెరుగు, సాయంత్రం వేయించిన చిరుతిండికి బదులు గుగ్గిళ్లు లేదా ఉడికించిన గుడ్డు తీసుకొంటే చాలు. ఇవేవీ ఖరీదైనవి కావు, దుకాణంలోని పొడి డబ్బాలు కావు.

ఎంత తినాలన్న దానికి వాగ్భటుని అష్టాంగహృదయం ఒక కొలత చెప్పింది. కడుపులో రెండు పాళ్లు ఆహారానికి, ఒక పాలు నీటికి కేటాయించి, నాలుగవ పాలు ఖాళీగా విడవాలి. కుంపటిలో బొగ్గులను కిక్కిరిసేటట్లు నింపితే గాలి ఆడక నిప్పు రాజదు. భుక్తాయాసంతో కునికేవారికి ఈ ఉపమానం వెంటనే బోధపడుతుంది.

చివరిది, పరీక్షల కాలంలో విద్యార్థులు ముందుగా వదులుకొనేది నిద్ర. 2004లో ప్రకటితమైన ఒక ప్రయోగంలో పన్నెండు మంది యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలు మాత్రమే పడుకోనిచ్చారు. కడుపు నిండిందని తెలిపే లెప్టిన్ అనే హార్మోను వారిలో 18 శాతం తగ్గింది. ఆకలిని రేపే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. తీపి, ఉప్పు, పిండివంటల మీద కోరిక హెచ్చింది. రాత్రంతా మేలుకొన్నవాడు మర్నాడు బేకరీ వైపు నడవడానికి అతని మనోదౌర్బల్యం ఒక్కటే కారణం కాదన్నమాట. పదమూడు నుండి పద్దెనిమిదేళ్లవారికి ఎనిమిది నుండి పది గంటల నిద్ర అవసరమని వైద్యులు చెబుతారు.

వేళకు తినడం, ఆకలి ఉండగానే విస్తరి ముందు నుండి లేవడం, రోజంతా కదులుతూ ఉండడం, కంటినిండా నిద్రపోవడం అనే ఈ నాలుగు అలవాట్లలో ఏదీ ఒక్కరోజులో ఫలితం చూపదు. పది రోజుల్లో పది కిలోలని ప్రకటించే యోగ్యత వాటికి లేదు. ఏ అంగడిలోనూ దొరకవు కనుక వాటికి ప్రకటనకర్తలు కూడా లేరు. కాని ఇంటర్మీడియట్ వయసులో అలవడిన నడవడి నడివయసు దాకా వెంట వస్తుంది. మధుమేహం, గుండెజబ్బులు చిన్న వయసులోనే పలకరిస్తున్న ఈ రోజుల్లో, పూర్వులు సమాగ్ని అన్న ఆ స్థితిని తన దేహంలో నిలుపుకోవడం ప్రతి విద్యార్థీ చదువుతోపాటు నేర్వవలసిన విద్య.